ఆటగాళ్లు సరిగా తినడం లేదని అనుమానం వస్తే: గమనించడం నుంచి మళ్లీ పోటీకి దిగేదాకా

"పరుగు బాగానే ఉంది. తిండే తినడం లేదు. అడిగితే చిరాకు పడుతోంది. నేనే ఎక్కువ ఆలోచిస్తున్నానా?"

ఈ ప్రశ్న తల్లిదండ్రులు అడుగుతారు, కోచ్‌లు అడుగుతారు, ఒకే గదిలో ఉండే తోటి ఆటగాళ్లూ అడుగుతారు. అడిగేవాళ్లకు చాలాసార్లు సగం సమాధానం తెలిసే ఉంటుంది. తెలియనిది ఆ తర్వాతి వరుసే. ముందు ఎవరు మాట్లాడాలి, ఏం అనాలి, ఏం అనకూడదు, ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, ప్రాక్టీస్ ఆపాలా వద్దా. ఆ వరుసనే ఇక్కడ రాస్తున్నాను.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను. ఇందులో కేలరీల లెక్కలు ఉండవు, ఎవరి బరువు ఎంతకు పడిపోయిందన్న కథలు ఉండవు. ఈ జబ్బు ఉన్నవాళ్లు అలాంటి అంకెను హెచ్చరికలా చదవరు, పోటీలా చదువుతారు. మీరు కూడా వాళ్ల దగ్గర అంకెలు మాట్లాడకండి.

## 1. ముందు మూడు మాటలు విడదీసుకోండి

గాడి తప్పిన తిండి. పూటలు ఎగ్గొట్టడం, ఒక్కొక్కటిగా పదార్థాలన్నీ మానేస్తూ పోవడం, తిన్నదానికి శిక్షగా అదనంగా పరుగెత్తడం, పోటీకి ముందు వారం ఆకలితో మాడడం. డాక్టర్ జబ్బు పేరు పెట్టే స్థాయికి ఇంకా రాకపోవచ్చు. కానీ దారి అటే.

ఈటింగ్ డిజార్డర్. ఇది డాక్టర్ నిర్ధారించే మానసిక అనారోగ్యం. అనోరెక్సియాలో తిండి బాగా తగ్గిపోతుంది, బరువు పెరుగుతామన్న భయం మనిషిని పట్టుకుని వదలదు. బులీమియాలో అదుపు తప్పి తినేయడం, ఆ తర్వాత దాన్ని వాంతితోనో, పస్తుతోనో, అతి వ్యాయామంతోనో 'సరిచేయడం' ఒక చక్రంలా తిరుగుతుంటాయి. బరువు మామూలుగానే ఉండొచ్చు కాబట్టి బయటికి ఏమీ కనిపించదు. బింజ్ ఈటింగ్‌లో అదుపు తప్పి తినడం ఉంటుంది, ఆ 'సరిచేయడం' ఉండదు. అన్ని లక్షణాలూ పూర్తిగా లేనివాళ్లను డాక్టర్లు 'ఇతర' అనే వర్గంలో వేస్తారు. ఈ జబ్బున్న ఆటగాళ్లలో చాలామంది ఈ వర్గంలోకే వస్తారు. 'ఇతర' అన్నారు కదా, తేలికపాటిదేమో అనుకోకండి.

ఎనర్జీ కొరత. తిన్నదాంట్లోంచి శిక్షణకు ఖర్చయింది పోగా, మిగిలింది శరీరం సొంత పనులకు చాలకపోవడం. అప్పుడు శరీరం పొదుపు మొదలుపెడుతుంది. నెలసరి ఆపుతుంది, ఎముకకు మరమ్మతు వాయిదా వేస్తుంది, గుండె వేగం తగ్గిస్తుంది. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు దీనికి రెడ్-ఎస్ అని పేరు పెట్టారు, 2023లో ఆ మార్గదర్శకాలను సవరించారు. అంతకుముందు దీన్ని ఆడవాళ్ల సమస్యగానే చూసేవాళ్లు. మగవాళ్లకూ వస్తుందని 2014 నివేదిక స్పష్టంగా చెప్పింది.

ఈ మూడూ ఎందుకు విడదీయాలంటే మందు వేరు కాబట్టి. శిక్షణ గంటలు రెట్టింపై, తిండి మాత్రం పాత లెక్కలోనే ఉండిపోయిన పిల్లాడికి కావాల్సింది కొత్త టైమ్‌టేబుల్, బ్యాగులో అదనంగా ఒక డబ్బా. ఆ డబ్బా ఇచ్చాక దాన్ని చెత్తబుట్టలో వేసి 'తినేశాను' అనే పిల్లాడికి కావాల్సింది డాక్టర్, సైకాలజిస్ట్. మొదటివాడికి చెప్పిన సలహాతోనే రెండోవాడిని బాగుచేద్దామనుకుంటే నెలలు గడిచిపోతాయి.

'మాది బంతి ఆటే కదా, బరువు గొడవ లేదు' అనుకునేవాళ్లకు ఒక లెక్క. నార్వే అగ్రశ్రేణి క్రీడాకారుల మీద జరిపి 2004లో ప్రచురించిన అధ్యయనంలో 13.5 శాతం మంది ఆటగాళ్లకు పూర్తిగానో పాక్షికంగానో ఈటింగ్ డిజార్డర్ ఉన్నట్టు తేలింది. ఆటల్లో లేనివాళ్లలో అది 4.6 శాతం. జిమ్నాస్టిక్స్ లాంటి, అందానికీ మార్కులుండే ఆటల్లోని ఆడవాళ్లలో 42 శాతం. బంతి ఆటల్లోని ఆడవాళ్లలో 16 శాతం. 16 అంటే చిన్న అంకేం కాదు.

## 2. మాట్లాడే ముందు మీ సన్నాహం

అనుమానం వచ్చిన రోజే వెళ్లి నిలదీయకండి. కింద ఉన్న నాలుగో సెక్షన్‌లోని ప్రమాద గుర్తులు లేకపోతే మీకు కొన్ని రోజుల టైమ్ ఉంది. ఆ రోజుల్లో ఇవి చేయండి.

- చూసింది చూసినట్టు తేదీ వేసి రాసుకోండి. 'డిప్రెషన్‌లో ఉంది' అని రాయకండి. 'మంగళవారం ప్రాక్టీస్ అయ్యాక అందరూ తింటుంటే బస్సులో ఒక్కతే కూర్చుంది' అని రాయండి.
- మాట్లాడే మనిషి ఒక్కరే ఉండాలి. ఆ ఆటగాడికి ఎవరి మీద నమ్మకం ఉందో వాళ్లు. హెడ్ కోచే కానక్కర్లేదు. టీమ్‌లోకి ఎవరిని తీసుకోవాలో నిర్ణయించే మనిషి అయితే అసలే వద్దు.
- ఈటింగ్ డిజార్డర్లు చూసిన డాక్టర్, సైకియాట్రిస్ట్ లేదా సైకాలజిస్ట్, స్పోర్ట్స్ డైటీషియన్ ఎవరున్నారో ముందే కనుక్కోండి. 'సాయం తీసుకుంటా' అని వాళ్లు ఒప్పుకునే క్షణం చిన్నది. అప్పుడు నంబర్ కోసం వెతుక్కుంటూ కూర్చోకూడదు.
- ఆటగాడు మైనర్ అయితే తల్లిదండ్రులకు ఎప్పుడు, ఎవరు చెప్పాలో తేల్చుకోండి. 'ఎవరికీ చెప్పను' అని మాట ఇవ్వకండి. నిలబెట్టుకోలేరు.
- ఇంట్లో, క్లబ్బులో మీ నోట వచ్చే మాటలు ఒక వారం గమనించుకోండి.

ఈ చివరిది నేను దెబ్బతిని నేర్చుకున్నది. సెలవుల తర్వాత శిక్షణకు తిరిగొచ్చిన ఒక అమ్మాయితో "బాగా తగ్గావే, అడుగు తేలిగ్గా పడుతోంది" అన్నాను. మెచ్చుకోలుగానే అన్నాను, మర్నాటికి మర్చిపోయాను. ఆ సీజన్ చివర కాలి ఎముకలో పగులుతో బెంచి మీద కూర్చుని, ఆ మాట నేను ఏ రోజు, ఏ మూల నిలబడి అన్నానో నాకే చెప్పింది. ఆ మాట ఆమెకు జబ్బు తెచ్చిందని అనను. ఇవి ఒక్క మాటతో వచ్చే జబ్బులు కావు. పుట్టుకతో వచ్చే గుణం, స్వభావం, ఒత్తిడి, ఆట తీరు అన్నీ కలవాలి. కానీ ఆపాల్సిన చోట నేను చప్పట్లు కొట్టాను.

## 3. ఏం గమనించాలి

బరువుతో మొదలుపెట్టకండి. అందరికీ కనిపించేది అదే, తరచుగా ఆలస్యంగా కనిపించేదీ అదే. మనిషిలో వచ్చిన మార్పు చూడండి.

టీమ్ అంతా కలిసి తినే బల్ల దగ్గర పది నిమిషాలు ఊరికే కూర్చోండి. ఒకరు అందరికంటే ముందు లేచి వడ్డిస్తుంటారు. అందరి ప్లేట్లూ నిండుతాయి, తమ ప్లేటు విషయానికి వచ్చేసరికి ఏదో గుర్తొచ్చినట్టు మళ్లీ లేస్తారు. కూర్చున్నాక ముక్కలు చేస్తారు, ఆ ముక్కల్ని మళ్లీ ముక్కలు చేస్తారు, ఈ పక్కది ఆ పక్కకు జరుపుతారు. మధ్యమధ్యలో నీళ్లు. మాటలు మాత్రం బాగా నడుస్తుంటాయి, అదీ తిండి గురించే: ఎవరు ఏం తింటున్నారు, దేంట్లో ఏముంది. అందరూ లేచేసరికి ప్లేటు కదిలినట్టే ఉంటుంది, ఖాళీ అయినట్టు ఉండదు. ఒక్కరోజు ఇలా జరిగితే ఆకలి లేదనుకోవచ్చు. రెండు వారాలు ఇదే వరుస నడిస్తే నోట్‌బుక్‌లో రాయండి.

శిక్షణలో:

- గాయమైనా, జ్వరమొచ్చినా ఆగలేకపోవడం. విశ్రాంతి రోజున దొంగచాటుగా ఇంకో వ్యాయామం.
- కోచ్ ఇచ్చిన ప్లాన్ అయ్యాక 'ఇంకొంచెం' రోజూ చేయడం, అది ఆటకు పనికొచ్చే వ్యాయామం కాకపోవడం.
- కోలుకోవడానికి ఎక్కువ రోజులు పట్టడం, చిన్న జలుబులు వదలకపోవడం, ఏకాగ్రత తగ్గడం.
- ఎముకలో పగుళ్లు, ముఖ్యంగా రెండోసారి. తొడ ఎముక మెడ దగ్గరో, నడుము కింద త్రికాస్థిలోనో వచ్చిన స్ట్రెస్ ఫ్రాక్చర్‌ను 'ఎక్కువ పరుగెత్తాడు' అని వదిలేయకండి. తిండి గురించి తప్పకుండా అడిగించండి.

శరీరంలో:

- వరసగా మూడు నెలలు నెలసరి రాకపోవడం, లేదా 15 ఏళ్లు నిండినా మొదలుకాకపోవడం.
- మగవాళ్లలో ఉదయం అంగస్తంభనలు తగ్గడం, లైంగిక ఆసక్తి పోవడం. దీన్ని ఎవరూ అడగరు, వాళ్లూ చెప్పరు. టీమ్ డాక్టర్ చేత అడిగించండి.
- ఎప్పుడూ చలి, కడుపు ఉబ్బరం, మలబద్ధకం, తలతిరుగుడు, జుట్టు రాలడం.
- చెవుల కింద దవడ వాపు, పళ్ల ఎనామెల్ అరుగుదల, చేతి వేళ్ల కణుపుల మీద గట్టిపడ్డ మచ్చలు. ఇవి పదేపదే వాంతి చేసుకుంటున్నారనడానికి గుర్తులు కావచ్చు. కొందరిలో మొదట పట్టుకునేది డెంటిస్టే.

నడవడిలో:

- అందరితో కలిసి తినే సందర్భాలు తప్పించుకోవడం. 'ముందే తినేశాను' అనేది రోజువారీ మాట కావడం.
- తిన్న వెంటనే బాత్‌రూమ్.
- 'శుభ్రమైన' తిండి జాబితా నెలనెలా చిన్నదవడం. ఒక్కో పదార్థం మానేయడానికి ఒక్కో కారణం ఉంటుంది, కారణాలన్నీ విడివిడిగా సబబుగానే వినిపిస్తాయి.
- కండలు పెంచే మోజులో ఉన్న కుర్రాళ్లలో 'నేను ఇంకా చిన్నగానే ఉన్నాను' అన్న బాధ, ఒక్క పూట అటూ ఇటూ అయితే కంగారు. బక్కచిక్కలేదు కాబట్టి వీళ్లను ఎవరూ అనుమానించరు.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. తిండి తగ్గించిన తొలి వారాల్లో కొందరి టైమింగ్ నిజంగానే మెరుగవుతుంది. ఇంట్లో సంబరం, కోచ్ దగ్గర మెప్పు. శరీరం దాచుకున్నది ఖర్చుపెట్టి తెచ్చిన ఫలితం అది. కొన్నాళ్లకు టైమింగ్ ఆగిపోతుంది, తర్వాత గాయాలు. అప్పటికి ఆటగాడి మనసులో 'తక్కువ తింటే గెలుస్తాను' అన్న లెక్క గట్టిపడి ఉంటుంది. ఫలితాలు బాగున్నాయన్న కారణంతో అనుమానాన్ని పక్కన పెట్టకండి.

## 4. ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన గుర్తులు

కింది వాటిలో ఒక్కటి కనిపించినా మాటలు, నోట్‌బుక్ పక్కన పెట్టండి. అదే రోజు వైద్య సాయం కావాలి.

- స్పృహ తప్పడం, ఛాతీలో నొప్పి, గుండె లయ తప్పినట్టు కొట్టుకోవడం
- తిండి, నీళ్లు దాదాపు పూర్తిగా మానేయడం
- రోజూ పలుమార్లు వాంతులు, లేదా వాంతిలో రక్తం
- కండరాల్లో బలం పోవడం, కూర్చున్న చోటు నుంచి లేవలేకపోవడం, అయోమయం
- కొద్ది వారాల్లో బరువు వేగంగా పడిపోవడం
- టైప్ 1 డయాబెటిస్ ఉన్న ఆటగాడు ఇన్సులిన్ సరిగా తీసుకోవడం లేదన్న అనుమానం
- చనిపోవాలనిపిస్తోందని చెప్పడం, తనను తాను గాయపరచుకోవడం. ఇలాంటప్పుడు ఒంటరిగా వదలకండి.

గుండె వేగం దగ్గర చాలామంది పొరపడతారు. 'అథ్లెట్ కదా, నెమ్మదిగానే కొట్టుకుంటుంది' అంటారు. శిక్షణ వల్ల నెమ్మదించే మాట నిజమే. ఆకలి వల్ల నెమ్మదించే గుండె కూడా మానిటర్ మీద అలాగే కనిపిస్తుంది. టీనేజ్ పిల్లలకు పగలు మెలకువగా ఉన్నప్పుడు నిమిషానికి 50 లోపు ఉంటే ఈటింగ్ డిజార్డర్ చికిత్సలో ఆసుపత్రిలో చేర్చడం గురించి ఆలోచిస్తారు. పడుకుని లేచి నిలబడగానే గుండె వేగం బాగా ఎగబాకినా, బీపీ పడిపోయినా ఫిట్‌నెస్ ఖాతాలో వేయకండి. తేల్చాల్సింది మీరు కాదు, ఈసీజీ తీసిన డాక్టర్.

బాగా పస్తులున్న మనిషికి ఇంట్లోనే ఒక్కసారిగా భారీగా తినిపించడం కూడా ప్రమాదమే. రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం హఠాత్తుగా పడిపోయి గుండెకే ముప్పు రావచ్చు. అలాంటివాళ్లకు తిండి తిరిగి పెంచడం డాక్టర్ పర్యవేక్షణలో, రక్తపరీక్షలు చేస్తూ జరగాలి.

## 5. మాట్లాడటం

చోటు ఎంచుకోండి. తలుపు వేసుకోగలిగే గది, లేదా పక్కపక్కనే నడిచే దారి. భోజనం బల్ల వద్దు, డ్రెస్సింగ్ రూమ్ వద్దు, పోటీకి ముందు రోజు వద్దు. ఓడిపోయిన సాయంత్రం అసలే వద్దు.

మొదటి మాట ఇలా ఉండొచ్చు:

"నీతో ఒక విషయం మాట్లాడాలి. నీ తప్పు పట్టడానికి కాదు. ఈ రెండు వారాల్లో నువ్వు మాతో కలిసి తినలేదు. ఇదివరకు ప్రాక్టీస్ అయ్యాక నవ్వుతూ ఉండేదానివి, ఇప్పుడు అలసిపోయి కనిపిస్తున్నావు. నాకు దిగులుగా ఉంది. నీకు ఎలా ఉంది?"

అని ఆగండి. నిశ్శబ్దాన్ని మీరు నింపకండి. అర నిమిషం చాలా పొడవుగా అనిపిస్తుంది, ఓర్చుకోండి.

మాటల్లో బరువు రానివ్వకండి. 'చిక్కిపోయావు' అంటే జబ్బు చెవికి అది బిరుదు. 'ఇప్పుడు బాగున్నావు, కాస్త ఒళ్లొచ్చింది' అంటే అది శిక్ష. అలసట, నిద్ర, చలి, చిరాకు, ఒంటరితనం, పగుళ్లు. మాట్లాడాల్సింది వీటి గురించి.

ఎదురయ్యే జవాబులు దాదాపు ఇవే.

"నాకేం లేదు." వాదించకండి. "ఉండకపోతే నాకే సంతోషం. తేల్చుకోవడానికి ఒక్కసారి డాక్టర్‌కు చూపిద్దాం, నేనూ వస్తాను" అనండి.

"అందరూ ఇలాగే తింటారు. ఛాంపియన్లు ఇంకా తక్కువ తింటారు." ఎవరు ఎంత తింటారన్న చర్చలోకి దిగితే ఓడిపోతారు, లెక్కలు మీకంటే వాళ్లకే బాగా తెలుసు. "వాళ్ల సంగతి నాకు తెలీదు. నాకు నీ కాలి నొప్పి తెలుసు, నీ నిద్ర తెలుసు" చాలు.

"టీమ్‌లోంచి తీసేస్తారా?" అసలు భయం ఇదే. అబద్ధం చెప్పకండి. "డాక్టర్ ఆపమంటే కొన్నాళ్లు ఆగాల్సి రావచ్చు. కానీ నువ్వు ఈ టీమ్ మనిషివే, ఇది చెప్పినందుకు నీకు శిక్ష ఉండదు." ఈ మాట ఇచ్చే ముందు క్లబ్బుతో మాట్లాడి ఉండాలి.

కోపం, ఏడుపు. రానివ్వండి. తలుపు విసిరేసి వెళ్లిపోతే వెంటపడకండి. రెండు మూడు రోజుల తర్వాత అదే మెత్తదనంతో మళ్లీ అడగండి. మొదటి మాటకే ఒప్పుకునేవాళ్లు తక్కువ.

మాట ముగిసే ముందు ఒక్క పని ఖాయం కావాలి: ఏ రోజు, ఏ డాక్టర్, ఎవరు తోడు. 'ఆలోచించుకుని చెప్పు' అన్నారంటే మొత్తం మళ్లీ మొదటికి.

మీరు తోటి ఆటగాళ్లైతే మీ పని ఇంతే: మీరు చూసింది, మీ దిగులు చెప్పండి, నమ్మకమైన పెద్దవాళ్లకు అందించండి. కాపలా కాయడం మీ బాధ్యత కాదు.

## 6. డాక్టర్ దగ్గర

మీరు రాసుకున్న నోట్‌బుక్ ఇక్కడ పనికొస్తుంది. ఆటగాళ్లు డాక్టర్ ముందు చాలా ఆరోగ్యంగా, హుషారుగా కనిపిస్తారు.

ఇవి అడిగి తెలుసుకోండి, లేదా డాక్టర్‌కు గుర్తుచేయండి:

- గుండె వేగం, బీపీ పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి చూశారా? ఈసీజీ తీశారా?
- రక్తంలో పొటాషియం, ఫాస్ఫేట్, మెగ్నీషియం, గ్లూకోజ్, ఐరన్, థైరాయిడ్, హార్మోన్లు చూశారా?
- ఎముక సాంద్రత కోసం డెక్సా స్కాన్ అవసరమా? నెలసరి చాలాకాలంగా ఆగినవాళ్లకు, పగుళ్లు వచ్చినవాళ్లకు ఇది ముఖ్యం.
- ప్రశ్నావళి ఇచ్చారా? స్కాఫ్ అనే ఐదు ప్రశ్నల జాబితాలో రెండు 'అవును'లు వస్తే లోతుగా చూడాలి. ఎనర్జీ కొరత పట్టడానికి మహిళా క్రీడాకారుల కోసం లీఫ్-క్యూ అనే ప్రశ్నావళి ఉంది. ఇవి జల్లెడ మాత్రమే, జబ్బును నిర్ధారించవు. టీమ్‌లో చోటు పోతుందని భయపడేవాళ్లు వాటిలో నిజం రాయరు కూడా.

రెండు చోట్ల జాగ్రత్త. ఒకటి, రక్తపరీక్షలన్నీ నార్మల్ వచ్చినంత మాత్రాన ఏమీ లేనట్టు కాదు. శరీరం చివరిదాకా లెక్క సరిచూసుకుంటూనే ఉంటుంది. రెండు, నెలసరి రావడం లేదని గర్భనిరోధక మాత్రలు ఇస్తే నెలనెలా రక్తస్రావం కనిపిస్తుంది. అది మాత్ర తెచ్చింది, శరీరం కోలుకుని తెచ్చింది కాదు. లోపల ఎముక అరుగుతూనే ఉంటుంది, పైకి మాత్రం అంతా సర్దుకున్నట్టు ఉంటుంది. మాత్రలు వాడుతున్న ఆటగాళ్లలో 'నెలసరి సరిగానే ఉంది' అన్న జవాబుకు అర్థం లేదు.

చికిత్స ఒక్కరితో అయ్యేది కాదు. డాక్టర్ శరీరాన్ని చూస్తారు, సైకాలజిస్ట్ లేదా సైకియాట్రిస్ట్ మనసును, డైటీషియన్ పూటల్ని. అనోరెక్సియా ఉన్న టీనేజ్ పిల్లలకు కుటుంబమే తిండి బాధ్యత తీసుకునే ఫ్యామిలీ బేస్డ్ చికిత్సను ముందు వరుసలో వాడతారు. బులీమియాకు, బింజ్ ఈటింగ్‌కు సీబీటీ (ఆలోచనల్ని, అలవాట్లను మార్చే మాటల చికిత్స) బాగా పనిచేస్తుంది. డైట్ చార్ట్ ఒక్కటే చేతిలో పెట్టి పంపిస్తే, ఈ జబ్బున్న మనిషి దాన్ని కొత్త నియమావళిగా మార్చుకుంటారు.

## 7. శిక్షణ ఆపాలా, తగ్గించాలా

నిర్ణయం డాక్టర్‌ది. కోచ్ చేయాల్సింది ఆ నిర్ణయానికి అడ్డుపడకపోవడం, ఆటగాడికి 'ఇది నా మాట కూడా' అని చెప్పడం. ఒలింపిక్ కమిటీ 2023 విధానంలో ప్రమాదాన్ని ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు అని నాలుగు రంగులుగా విడదీశారు. ఆకుపచ్చలో పూర్తి శిక్షణ. పసుపు, నారింజల్లో పర్యవేక్షణ పెరుగుతుంది, అవసరాన్ని బట్టి శిక్షణ మారుతుంది. ఎరుపులో శిక్షణ, పోటీ రెండూ ఆపాల్సి రావచ్చు.

ఆపాల్సి వస్తే మనిషిని మాత్రం టీమ్ నుంచి విడదీయకండి. టైమింగ్ తీయడం, వీడియో చూడటం, జూనియర్లకు టెక్నిక్ చెప్పడం, ఏదో ఒక పని ఉండాలి. ఆటే తన గుర్తింపు అనుకునే మనిషిని ఇంట్లో కూర్చోబెడితే మిగిలేది జబ్బు ఒక్కటే.

తగ్గించి కొనసాగించమన్నప్పుడు కాగితం మీద షరతులు రాసుకోండి. డాక్టర్ అపాయింట్‌మెంట్లు తప్పకూడదు. ప్లాన్‌లోని పూటలు తిన్నాకే ప్రాక్టీస్. చెప్పినదానికి మించి వ్యాయామం చేయకూడదు. షరతు తప్పితే ఏమవుతుందో కూడా అందులోనే ఉండాలి. నోటిమాట షరతులు మొదటి ముఖ్యమైన పోటీ దగ్గరికి వచ్చేసరికి కరిగిపోతాయి.

## 8. ఇంట్లో, బల్ల దగ్గర

- పూటలకు టైమ్ పెట్టండి. ఆకలి కోసం ఆగొద్దు, ఈ జబ్బులో ఆకలి సంకేతం నమ్మదగ్గది కాదు.
- తినేటప్పుడు తిండి గురించి మాట్లాడకండి. ఇంకేదైనా మాట్లాడండి.
- ప్రాక్టీస్‌కు ముందు, అయిన వెంటనే ఏదో ఒకటి తినేలా చూడండి. రోజు మొత్తం లెక్క సరిపోయినా మధ్యలో గంటల తరబడి ఖాళీ ఉంటే శరీరానికి అది కొరతే.
- తిన్నాక ఒక గంట తోడుగా ఉండండి. పోలీసులా కాకుండా, టీవీ చూస్తూ.
- వాంతి చేసుకున్నారని తెలిస్తే వెంటనే పళ్లు తోమొద్దనండి. ఆమ్లంతో మెత్తబడ్డ ఎనామెల్ బ్రష్‌కు ఇంకా అరుగుతుంది. నీళ్లతో పుక్కిలిస్తే చాలు.
- ఇంట్లో తూకం యంత్రం ఉంటే తీసేయండి. బరువు చూడాల్సి వస్తే క్లినిక్‌లో చూస్తారు.

## 9. తరచుగా జరిగే తప్పులు, సవరణలు

జరిగింది: టీమ్ మీటింగ్‌లో 'మనలో కొందరు సరిగా తినడం లేదు' అని ప్రకటించారు. సవరణ: అందరి చూపూ ఒకరి మీదికే వెళ్తుంది. ఆ మనిషిని విడిగా కలిసి క్షమాపణ చెప్పండి, ఇకపై ఒక్కరితోనే మాట్లాడతామని చెప్పండి.

జరిగింది: 'ఇంత తింటేనే మ్యాచ్ ఆడిస్తా' అని బెదిరించారు. సవరణ: బెదిరింపుకు తింటారు, తర్వాత దాచడం నేర్చుకుంటారు. ఆడించాలా వద్దా అన్నది డాక్టర్ రిపోర్ట్‌కు ముడిపెట్టండి, ప్లేటుకు కాదు.

జరిగింది: బరువు మామూలుకు రాగానే చికిత్స ఆపేశారు. సవరణ: బరువు ముందు వస్తుంది, మనసు వెనకాల వస్తుంది. నెలసరి తిరిగి రావడానికి నెలలు పట్టొచ్చు, ఎముకకు ఇంకా ఎక్కువ. ఆపే మాట చికిత్స చేసేవాళ్లే చెప్పాలి.

జరిగింది: అబ్బాయి కాబట్టి ఎవరికీ తట్టలేదు. సవరణ: బరువు వర్గాల ఆటల్లో ఇది మరీ ఎక్కువ, పోటీకి ముందు బరువు దించుకోవడానికి పెట్టిన 'కటింగ్' అనే ముద్దుపేరు కింద దాగుతుంది. 1997 చివర్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ రెజ్లర్లు నెల రోజుల పైచిలుకు వ్యవధిలో బరువు దించుకునే ప్రయత్నంలో చనిపోయారు. ఆ తర్వాతే అక్కడ కాలేజీ రెజ్లింగ్ తూకం నియమాలు మారాయి. 'సీజన్‌లో అందరూ చేసేదే' అన్న మాట వినిపిస్తే, ఆ వర్గం ఆ ఆటగాడికి సరైనదేనా అని అడగండి. పై వర్గంలో ఆడటం చాలాసార్లు సులువైన మందు.

## 10. ఇది చదువుతున్నది ఆ ఆటగాళ్లే అయితే

మీరు 'అంత సన్నగా లేను, నాది జబ్బు కాదు' అనుకుంటూ ఉండొచ్చు. సన్నదనం ఇక్కడ అర్హత పరీక్ష కాదు. రోజులో ఎంతసేపు తిండి గురించి, ఒంటి గురించి ఆలోచిస్తున్నారో చూసుకోండి. ఆట కోసం మొదలైన నియమం ఇప్పుడు ఆటనే తినేస్తోందా?

పెద్ద ప్రకటన చేయక్కర్లేదు. ఒక్కరికి ఒక్క వాక్యం మెసేజ్ పెట్టండి: "తిండి విషయంలో నాకు ఇబ్బందిగా ఉంది, డాక్టర్ దగ్గరికి తోడు రాగలరా?" కోచ్‌కు చెప్పలేకపోతే ఫిజియోకు, టీచర్‌కు, అక్కకు చెప్పండి. నాలుగో సెక్షన్‌లోని గుర్తులుంటే మెసేజ్ కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

## 11. మళ్లీ పోటీకి

తిరిగి దిగే తేదీని క్యాలెండర్‌లోని టోర్నమెంట్ నిర్ణయించకూడదు. రక్తపరీక్షలు, గుండె నిలకడగా ఉండటం, పూటలు ఎవరి కాపలా లేకుండా నడవడం, విశ్రాంతి రోజున నిజంగా విశ్రాంతి తీసుకోగలగడం, వీటికి చికిత్స బృందం ఒప్పుకోవాలి. నా లెక్కలో చివరిదే అసలు పరీక్ష. ఆదివారం ఇంట్లో కూర్చోలేని మనిషి ఇంకా సిద్ధంగా లేనట్టే.

మొదట తక్కువ ఒత్తిడి ఉన్న పోటీ ఒకటి. ఆ తర్వాత రెండు వారాలు పెద్దగా ఏమీ పెట్టకండి. ఓడినా గెలిచినా పాత అలవాట్లు తలుపు తట్టేది అప్పుడే. గాయం, సెలవులు, సెలక్షన్, కోచ్ మారడం, ఊరు మారడం కూడా అలాంటి సమయాలే. ఆ తేదీలు ముందే రాసిపెట్టుకుని, వాటికి దగ్గర్లో ఒక డైటీషియన్ అపాయింట్‌మెంట్ వేసి ఉంచండి.

ఇక క్లబ్బు. అందరి ముందూ తూకం వేయడం, గోడ మీద బరువుల పట్టిక, కొవ్వు శాతం కొలతలు గట్టిగా చదవడం ఈరోజే ఆపొచ్చు, దీనికి బడ్జెట్ అక్కర్లేదు. కొలత నిజంగా అవసరమైతే దేనికో రాసి, ఆటగాడి అంగీకారంతో, తలుపు మూసి, డాక్టరో డైటీషియనో తీసుకోవాలి. కోచ్‌కు ఆ అంకె వెళ్లనక్కర్లేదు. మా దగ్గర తూకం యంత్రం వార్మప్ చేసే హాల్లో తలుపు పక్కనే ఉండేది. వచ్చేటప్పుడు ఒకసారి, వెళ్లేటప్పుడు ఒకసారి ఎక్కి దిగేవాళ్లు, అలవాటుగా. దాన్ని ఫిజియో గదిలో బీరువా పక్కకు మార్చాం. మొదటి వారం నలుగురు వచ్చి అదెక్కడికి పోయిందని అడిగారు. ఆ నలుగురి పేర్లూ నోట్‌బుక్‌లో రాసుకున్నాను.